మాస్టర్ తుడిచేసిన వాన

రియాద్‌లో గొడుగు ఎండకే. ఈ ఒక్క ముక్క ముందే చెప్పి పెడుతున్నాను. లేకపోతే ఇది చదివి మా మాస్టర్‌ని మీరు తిట్టుకుంటారు. ఆయన్ని తిట్టే హక్కు నాది. తిట్టాల్సినంత తిట్టేశాను కూడా.

ఇప్పుడు నేను వేరే ఆఫీసులో డిజైనర్‌ని. కొత్తగా చేరిన పిల్లలు, అంటే నాకంటే మూడు నాలుగేళ్ళు చిన్నవాళ్ళు, క్లయింటు ఫోన్‌లో బొటనవేలు బొమ్మ పెట్టగానే పని అయిపోయిందని లేచి టీకి వెళ్తుంటారు. అప్పుడల్లా నాకు మలాజ్ పేటలోని ఆ పాత షాపు గుర్తొస్తుంది. పెళ్ళయి రియాద్ వచ్చాక, ఫ్లాట్‌లో గోడలు చూస్తూ కూర్చోలేక పట్టుకున్న మొదటి ఉద్యోగం అది. మా ఆయన ఐటీ. పొద్దున పోతే చీకటి పడ్డాకే. చిక్కడపల్లి హారన్ల మధ్య పెరిగిన దాన్ని, నాకు నిశ్శబ్దం పడదు.

షాపులో పాత ఫొటోలు బాగుచేసేవాళ్ళం, పెద్దవిగా అచ్చువేసి ఫ్రేము కట్టేవాళ్ళం. నేను కౌంటర్లో ఉండి కస్టమర్లతో మాట్లాడి, డిజైన్ పని చూసేదాన్ని. బాగుచేసేది మాత్రం మాస్టరే. అనంతపురం మనిషి. ఊళ్ళో కొట్లకి బోర్డులు రాస్తూ మొదలుపెట్టి, ఇక్కడికొచ్చి కంప్యూటర్ నేర్చుకున్నాడు. నేను పుట్టకముందే వచ్చాడని ఆయన అనేవాడు. కాదు, నేను బడికి పోయేటప్పుడని నేను వాదించేదాన్ని. ఎక్కడో దూరాన ఉన్న బురైదా ఖర్జూరం తోటల వాళ్ళు కూడా తాతల ఫొటోలు పట్టుకుని ఆయన్ని వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. ముక్కు దగ్గర చిరిగిన ఫొటో ఇస్తే ముక్కు మొలిపించి ఇచ్చేవాడు. ఆ ముక్కు ఎవరిదని ఎవరూ అడగలేదు.

ఒక రోజు షాపు ముందు పెద్ద బండి ఆగింది. డ్రైవర్ లోపలే ఉన్నాడు. నల్లటి అబాయా వేసుకున్న ఒకావిడ, దుప్పటిలో చుట్టిన పటం ఒకటి చంటిబిడ్డలా ఎత్తుకుని దిగింది. నేను ఫోన్‌లో మా చెల్లితో తెలుగులో పోట్లాడుతున్నాను. ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"మీరు మనోళ్ళేనాండీ? హమ్మయ్య. దారంతా అరబ్బీలో ఎలా సెప్పాలా అని అప్పసెప్పుకుంటా వచ్చేనండి."

కోనసీమ ఆవిడ. గోదారి లంకలో ఊరు. ఒక స్కూలు ప్రిన్సిపాల్ మేడమ్ ఇంట్లో, మేడమ్ వాళ్ళ అమ్మని చూసుకునే పని. ఆ ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు యజమానురాలిని 'మామా' అంటారు కదా, ఈ పెద్దావిడని 'మామా కబీరా' అంటుంది. అంటే పెద్దమ్మ. నేను ఆవిడని అక్కా అన్నాను. అప్పటినుంచి అక్కే.

దుప్పటి విప్పితే జపాన్ బొమ్మ. చెక్క మీద చెక్కి, రంగులద్ది, కాగితం మీద అచ్చువేసిన రకం. ఒక రేవు. రేవుకి కట్టిన పడవ. వంగిపోయిన చెట్టు కింద నుంచి గొడుగులు పట్టుకుని పోతున్న మనుషులు. గొడుగు లేని ఒకడు తలమీద చాప కప్పుకుని పరుగు. అవతలి ఒడ్డు బూడిదరంగులో, ఉందో లేదో అన్నట్టు. బొమ్మంతా పైనుంచి కిందకి ఏటవాలుగా వెంట్రుకల్లాంటి సన్నటి గీతలు. కాగితం పాతబడి టీ రంగు తిరిగింది.

ఎప్పుడో భర్తతో పాటు ఆ దేశంలో ఉన్నప్పుడు పెద్దావిడ వానకి తడవకుండా ఒక కొట్లోకి దూరిందట. వాన ఎంతకీ తగ్గలేదు. ఊరికే నిలబడటానికి మొహమాటపడి ఆ బొమ్మ కొన్నదట. ఇప్పుడు ఆవిడకి చూపు మసకేసింది. పెద్దవి తప్ప చిన్నవి తెలియవు. అందుకే మంచం ఎదురు గోడకి ఈ బొమ్మ నిలువెత్తున కావాలి.

"రోజూ మజ్జాన్నం అన్నం ముందు ఈ బొమ్మలో కత సెప్పాలండి," అంది అక్క. "ఇయ్యాల ఎవరు ఏ పని మీద పోతన్నారూ అని అడుగుద్ది. పడవ కాడున్నోడు మా పెదనాన్నంటాను. గొడుగు పట్టిన పిల్ల సంతకి పోతందంటాను. కత సెప్పాపోతే ముద్ద ముట్టదు. నేను రెండు నెలలు ఊరెళ్తే ఆవిడికి అన్నం ఎలా ఎక్కుద్దని మామా బెంగ. నేనే సెప్పేనండి, బొమ్మ పెద్దది సేయించండి, మనవరాళ్ళు ఎవరైనా సూసి కత సెప్పొచ్చూ అని. సరే, అది గోడకెక్కి ఆవిడ కుదురుకున్నాక నిన్ను పంపుతాను, అంది."

"ఎందుకక్కా ఊరికి?"

"ఇల్లు కట్టుకున్నానండి. గృహప్రవేశం. శ్రావణంలో ముహూర్తం పెట్టేరు." ఆవిడ మొహం చూడాల్సింది. "నేను అందుకోకపోతే మావోళ్ళే కానిచ్చేత్తారంట. పాలు పొంగడం నాకు ఫోన్లో సూపిత్తారంట. నా గడప నేను దాటకుండా ఇంకోళ్ళు దాటుతారా, మీరే సెప్పండి?"

నాకు అప్పుడే కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియకుండానే. నాకలా వస్తుంది. అర్జెంట్ అని రాసి పటం మాస్టర్ బల్ల మీద పెట్టాను.

ఆయన ఆ బొమ్మ మీద మనసు పెట్టి పని చేశాడు. అదే కొంప ముంచింది. టీ కూడా బల్ల దగ్గరికే తెప్పించుకున్నాడు. బొమ్మని స్కాన్ చేసి, స్క్రీన్ మీద అంగుళం అంగుళం పెద్దది చేసుకుంటూ, కంప్యూటర్ కలం పెట్టి ఒక్కొక్క గీతా చెరిపాడు. వెలిసిపోయిందని అవతలి ఒడ్డుకి రంగు ఎక్కించాడు. ఆకాశం తేటపరిచాడు. చివరికి స్క్రీన్ మీద చూస్తే రేవు తళతళ మెరుస్తోంది. మా పాకిస్తానీ మేనేజర్ వచ్చి "వాహ్ ఉస్తాద్, బిల్కుల్ నయా!" అన్నాడు. నేను ఫోన్‌లో ఫొటో తీసి మేడమ్‌కి పంపాను. నా స్టేటస్‌లో కూడా పెట్టాను. మేడమ్ ఏ స్టాఫ్ మీటింగ్‌లో ఉందో, ఒక బొటనవేలు బొమ్మ వచ్చింది. అసలు బొమ్మని ఫోన్‌లో చూసినా ఆ గీతలు కనిపించవు, అంత సన్నం. ఇక తేడా ఎవరికి తెలుస్తుంది?

కాన్వాస్ మీద అచ్చువేశాం. మా కుర్రాళ్ళు వెళ్ళి, అక్క చెప్పినట్టు చక్రాల కుర్చీలో కూర్చున్న మనిషి కళ్ళకి అందేలా కిందుగా తగిలించి వచ్చారు. అసలు బొమ్మని వెనక్కి ఇచ్చేశారు.

మర్నాడు అక్క ఫోన్. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అమ్మాయిగారూ, వానేదండీ?"

"ఏం వానక్కా?"

"బొమ్మలో వానండీ. పెద్దావిడ కుర్చీ దగ్గరికి జరిపించుకుని పక్కనుంచి ఒక సూపు, ఇటునుంచి ఒక సూపు సూసి, 'వేన్ అల్ మతర్?' అంది. వానేదీ అని. ఈ ఒడ్డు ఇంత దగ్గరికి ఎప్పుడొచ్చింది, ఇది నా బొమ్మ కాదు, తీసెయ్యండి అంది. నిన్న మజ్జాన్నం నుంచి అన్నం ముట్టలేదండి. మామా నన్నేం అనలేదు. ఫోన్ తీసి, నేను ఊరెళ్ళి రావడానికిచ్చిన పర్మిషను, ఆ ఎగ్జిట్ రీ-ఎంట్రీ కేసి సూసుకుంటా కూర్చుంది. రేపు సాయంత్రం టికెట్టు. ఆవిడొక్క నొక్కు నొక్కితే నా పెయానం పోయినట్టేనండి."

అసలు స్కాన్ తెరిచి చూద్దామంటే, మాస్టర్ దాని మీదే పని చేసి దాని మీదే సేవ్ చేశాడు. నేను కంప్యూటర్ ముందు నుంచి లేచిన చప్పుడుకి ఫ్రేములు కోసే మిషన్ ఆగిపోయింది.

"ఏంది మాస్టర్ ఇది? అవి కాగితం పాతదై పడ్డ గీతలనుకున్నవా? వాన మాస్టర్! వాన తుడిచేసినవ్!"

"యాడి వాన?"

"బొమ్మ నిండా వాన! అందరి చేతుల్ల గొడుగులున్నయ్, కండ్లు కనబడలేవా?"

"గొడుగులుండేది నేనూ చూసినా పాపా. గొడుగు ఎండకి కదా పట్టేది."

నేను తల తిప్పాను. కిటికీ అవతల మలాజ్ రోడ్డు మీద ఇద్దరు టీచర్లు గొడుగులు వేసుకుని పోతున్నారు. ఎండ గాజులా ఉంది.

"చాప కప్పుకుని ఉరుకుతున్నోడో? వాడు కూడా ఎండకేనా?"

"కాళ్ళు కాలితే ఉరకరా?" అన్నాడు కానీ గొంతులో బలం లేదు. స్క్రీన్ దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. "మా పక్క వాన పడితే గొడుగు ముయ్యమంటారు పాపా. వచ్చేదే ఎప్పుడో ఒకతూరి. దానికి గొడుగు అడ్డం పెడతారా యెవరన్నా?"

మేనేజర్ వచ్చి ఇద్దరికీ సర్దిచెప్పబోయాడు. కస్టమర్ ఓకే చేసింది కదా బేటీ, మన తప్పేముంది, అన్నాడు. ఆయనకి కూడా తిట్లు పడ్డాయి. కోపంలో నాకు ఉర్దూ బాగా వస్తుంది.

మళ్ళీ స్కాన్ చేసి మళ్ళీ అచ్చువేద్దామంటే కాన్వాస్ రోల్ అయిపోయింది. జెద్దా నుంచి రావడానికి వారం. అసలు బొమ్మ ఈసారి ఇల్లు దాటదని మేడమ్ చెప్పేసింది. స్కాన్ చెయ్యడానికి మనిషిని పంపొద్దు, డబ్బు కూడా వెనక్కి ఇవ్వొద్దు, వచ్చి ఆ పెద్ద బొమ్మని తీసుకుపోతే చాలంది. ఆ మెసేజ్ చదివి మాస్టర్ చేతికి ఫోన్ ఇచ్చాను. ఆయన చదివాడు. లేచి, చాలాకాలంగా తెరవని కింది సొరుగు లాగి, బోర్డులు రాసే నాటి కుంచెల కట్ట బయటికి తీశాడు.

"తుడిచింది నేనే గదా. గీసి వస్తా. నువ్వు ఆయమ్మతో మాట్లాడు."

మేడమ్‌కి నేను పంపిన మెసేజ్ గురించి ఎక్కువ చెప్పను. మూడుసార్లు కోపంగా టైప్ చేసి చెరిపి, నాలుగోసారి మర్యాదగా పంపాను. నా జీవితంలో అదొక రికార్డు. బొమ్మ తీసుకుపోవడానికే వస్తున్నాం, పోయే ముందు ఒక్కసారి ప్రయత్నిస్తాం, మీ అమ్మగారు వద్దంటే అక్కడే ఆపేస్తాం, అని. 'తఆలూ' అని జవాబు వచ్చింది. రండి, అని.

మర్నాడు పొద్దున వెళ్ళాం. గుమ్మంలోనే అక్క పెట్టె కనిపించింది, తాడు కట్టి నిలబెట్టి. మాస్టర్ దాన్ని చూసి చూడనట్టు తప్పుకుని నడిచాడు. మేడమ్ సెలవు పెట్టినట్టుంది. నిద్రలేని కళ్ళు. నా మీద అరుస్తుందనుకుని నేను కూడా సిద్ధంగా వెళ్ళాను. ఆవిడ అరవలేదు. "మా అమ్మ మొన్నటినుంచి పాలు తప్ప ఏం తీసుకోలేదు. ఊరెళ్ళే ఈమెకి తన ఇల్లు ముఖ్యమే, నాకు తెలుసు. కానీ నేనేం చెయ్యను?" అని ఇంగ్లీషులో నెమ్మదిగా అంది. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది.

పెద్దావిడ తల నిండా ముసుగు కప్పుకుని చక్రాల కుర్చీలో ఉంది. బొమ్మని గోడమీంచి దింపి, రెండు కుర్చీల మీద ఆనించి నిలబెట్టాం. పక్కన అసలు బొమ్మ. మాస్టర్ బూడిదరంగు కలిపి, ఫ్రేము చెక్క బద్దని వారగా పట్టుకుని, దాని వెంట కుంచె లాగాడు. పడవ పక్కన రెండు గీతలు.

అక్క చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మాస్టారూ, అయ్యి వానాండీ? పడవ కట్టే మోకులాండీ?"

నిజమే. బోర్డులు రాసిన చెయ్యి, లావుగా పడ్డాయి. రంగు ఉబ్బెత్తుగా తేలి నిలబడింది. మాస్టర్‌కి చెమటలు. గుడ్డ తీసి తుడవబోయాడు.

"ముట్టుకోకు!" అని నేను అరిచాను. "తుడిస్తే కింది రంగు కూడ లేస్తది. వదిలెయ్, ముందటికి నడువ్."

పెద్దావిడ అరుపు విని ఏమైందని అడిగింది. అక్క వచ్చీరాని అరబ్బీలో, చేతులతో, మోకుల సంగతి చెప్పింది. ఆ ముసలావిడ నవ్వింది. చిన్న నవ్వే. కానీ గుమ్మంలో నిలబడ్డ మేడమ్ తల ఎత్తి చూసింది.

మాస్టర్ చిన్న కుంచె తీసుకుని రంగు పల్చన చేశాడు. ఇప్పుడు సన్నగా వచ్చాయి. కానీ అన్నీ ఒకే దూరంలో, గేటుకి ఊచల్లా.

"వాన అలా బళ్ళో పిల్లల్లాగ వరస కట్టదండీ," అంది అక్క. ఇక ఆగలేక ముందుకి వచ్చేసింది. "మా లంకలో వాన గోదారి మీంచి నడిసొత్తాది. ముందు అవతలి గట్టు మాయమైపోద్ది. అప్పుడు నీళ్ళమీద నల్లగా పరిగెట్టుకొత్తాది. ఇదిగో, ఇక్కడ దట్టంగా ఎయ్యండి, ఆ గట్టు మీద. మీరు దానికి రంగేసి మరీ నిలబెట్టేరు కదా, దాన్ని ముంచెయ్యండి ముందు. ఇటు పల్చన. చెట్టు కింద ఇంకా పల్చన."

"ఇట్లనా?"

"ఆయ్. ఇంకొంచెం వాలుగా. గాలుంది కదండీ, సూడండి ఆ చాపోడు ఎలా వంగిపోయేడో."

"వాడు ఎండకి వంగినాడని నేననుకుంటి," అన్నాడు మాస్టర్. అక్క పడీపడీ నవ్వింది.

నేను బద్ద పట్టుకున్నాను. చాలాసేపు పట్టుకున్నాను. జేబులో ఫోన్ మోగుతూనే ఉంది. తియ్యలేదు. తియ్యాలనిపించలేదు కూడా, అది నాకే వింత. మాస్టర్ గీస్తుంటే అక్క ఒక చేత్తో చూపిస్తూ, ఇంకో వైపు పెద్దావిడకి కథ చెప్పడం మొదలుపెట్టింది. ఇవాళ ఎవరు ఎక్కడికి పోతున్నారో. పడవ దగ్గర ఉన్నవాడు పెదనాన్న. గొడుగు పట్టిన పిల్ల సంతకి కాదు, ఇవాళ కొత్తింటికి పోతోంది, చెంగు కింద పాలగిన్నె దాచుకుని. అరబ్బీలో దానికి మాట దొరక్క, అక్క తన ఒడిలో గిన్నె పట్టుకున్నట్టు చూపించింది. పెద్దావిడ తల పక్కకి తిప్పి, ఆ పక్కచూపుతోనే బొమ్మ వైపు చూస్తూ అడిగింది. పాలలో వాన పడదా? పడదు, గొడుగు ఉంది, అని అక్క.

గట్టు మెల్లగా మునిగిపోయింది. మాస్టర్ ఎక్కించిన రంగంతా వాన వెనక్కి పోయి బూడిద అయింది. అప్పుడు పెద్దావిడ కుర్చీ ముందుకి జరపమంది. ముక్కు తగిలేంత దగ్గరికి. అటు చూసింది, ఇటు చూసింది. గదిలో ఏసీ చప్పుడు ఒకటే.

"హాది హియ్య," అంది. ఇదే అది.

తర్వాత కూతురి వైపు తిరిగి అన్నం అడిగింది.

మేడమ్ వంటింట్లోకి వెళ్ళలేదు. ముందు అక్క దగ్గరికి వచ్చి ఫోన్ తెరిచి చూపించింది. ఎగ్జిట్ రీ-ఎంట్రీ అలాగే ఉంది, రద్దు కాలేదు. ఎయిర్‌పోర్టుకి తనే దింపుతానంది. అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఆ మూల సెట్టు కింద ఇంకో నాలుగు గీయండి మాస్టారూ, ఖాళీగా ఉంది," అంది.

మేం బయల్దేరేముందు మాస్టర్ ఆ మొదటి రెండు లావు గీతల దగ్గర మళ్ళీ ఆగాడు. ఆరాయి కదా, గీకి సన్నం చేస్తానన్నాడు. పెద్దావిడ అరచెయ్యి అడ్డం పెట్టి "ఖల్లీ, ఖల్లీ" అంది. వదిలెయ్, వదిలెయ్. ఆవిడకి ఓపిక లేదేమో అనుకున్నాం.

శ్రావణంలో అక్క నుంచి వీడియో వచ్చింది. పట్టుచీర, తలమీంచి చెంగు, చేతిలో దేవుడి పటం, కుడికాలు గడప లోపల. వెనక జోరు వాన. ఎవరో గొడుగు పట్టబోతే తోసేసింది. ఆ వీడియో మాస్టర్‌కి చూపిస్తే మొత్తం చూడలేదు. వాన ఉన్న చోట ఆపి, వేళ్ళతో పెద్దది చేసి చూశాడు.

ఆయనకి వాన పిచ్చి పట్టుకుంది. కాన్వాస్ రోల్ వచ్చింది, మళ్ళీ అచ్చువేస్తామంటే మేడమ్ వద్దంది. చేత్తో గీసినదే ఉండాలంది. అయినా ఆయనకి ఆ రెండు గీతలు నిద్ర పట్టనివ్వలేదు. టీ తాగుతూ, ఫ్రేము కోస్తూ, ఉన్నట్టుండి "మోకులు అనె గదా ఆయమ్మ" అనేవాడు.

చలికాలంలో రియాద్‌లో వాన పడింది. ఇక్కడ వాన పడితే ఏం జరుగుతుందో ఇక్కడున్న వాళ్ళకి తెలుసు. షాపులన్నీ బయటికి వచ్చేస్తాయి. ఫోన్లన్నీ పైకి లేస్తాయి. నేను వీడియో తీస్తూ పక్కకి తిరిగితే, మాస్టర్ ఫుట్‌పాత్ మీద గొడుగు లేకుండా నిలబడి, ఎదుటి బిల్డింగ్ నల్ల అద్దాల మీద వాన ఎలా వాలుతోందో చూస్తున్నాడు. తడిసి ముద్దయ్యాడు. వేలితో గాలిలో గీస్తున్నాడు.

"తప్పు గీసినా పాపా. పడవ పక్కన ఇంత వాలకూడదు. ఆయమ్మ ఊర్నుంచి వచ్చింది గదా? ఫోన్ చెయ్. రేపు పోయి ఆ రెండూ తీసేసి సన్నంగా గీసి వస్తాం."

అప్పటికి అక్క తిరిగొచ్చింది. అక్కడే, వానలోనే, స్పీకర్ పెట్టి ఫోన్ చేశాను. మాస్టర్ నోరు తెరిచి తన తప్పంతా చెప్పాడు, వాలు గురించి, గాలి గురించి. అక్క మొత్తం వింది.

"వద్దు మాస్టారూ. మీకు సెప్పలేదు కదండీ. మామా కబీరాకి ఇప్పుడు సూపు బొత్తిగా లేదండి. రోజూ అన్నం ముందు కుర్చీ గోడ కాడికి జరపమంటాది. సెయ్యి పెట్టి బొమ్మంతా తడుముద్ది. సన్నటియ్యి ఆవిడ ఏళ్ళకి తగలవండి. మీ మోకులు రెండే తగుల్తాయి. అయ్యి పట్టుకుని, 'ఆ, పడతంది' అంటాది. అప్పుడు కత మొదలెట్టమంటాది."

మాస్టర్ గాలిలో ఎత్తిన వేలు దించాడు. ఫోన్ నా చేతిలో తడుస్తోంది. నేను దాన్ని లోపల పెట్టుకోలేదు.